మాస్టారి పేరున ఉపకార వేతనం

తెలుగు, చరిత్ర, తత్వశాస్త్రం, ఇంగ్లీషు వంటి శాఖల్లో ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పిన ఆచార్యులు పదవీ విరమణ చేస్తుంటే మన విశ్వవిద్యాలయాల్లో ఏం జరుగుతుందో అందరికీ తెలిసిందే. సెమినార్ హాల్లో సభ పెడతారు. శాలువా కప్పి జ్ఞాపిక చేతిలో పెడతారు. పాత విద్యార్థులు మైకు ముందు గొంతు పెగలక ఆగిపోతారు. శిష్యుల్లో పట్టుదల ఉన్నవాళ్లుంటే అభినందన సంచిక కూడా వస్తుంది. వీటిలో దేన్నీ తక్కువ చేయను. మంచి అభినందన సంచికల్లోని వ్యాసాలు ఇప్పటికీ పరిశోధకులకు పనికొస్తున్నాయి. అయితే సభ ముగిశాక భోజనాల దగ్గర ఎవరో ఒకరు ఒక మాట అంటారు: సార్ పేరున శాశ్వతంగా ఉండేది ఏదైనా చేద్దాం. బంగారు పతకాలు, ధర్మనిధి ఉపన్యాసాలు, పురస్కారాలు, ఉపకార వేతనాలు చాలావరకు ఇలాంటి మాటల నుంచే పుట్టాయి.

ఇన్నింటిలో ఉపకార వేతనమే మేలని నా అభిప్రాయం. కానీ దాన్ని మనం ఏర్పాటు చేసే తీరులో పేరు నిలవాలన్న తాపత్రయం ముందుకొచ్చి, విద్యార్థి అవసరం వెనక్కి పోతోంది. నిధి ఎంత, వడ్డీ ఎంత, ఎవరికి ఇవ్వాలి, ఎప్పుడు ఇవ్వాలి, ఎన్నేళ్లు ఇవ్వాలి అన్న ప్రశ్నలన్నీ చివరికి ఈ రెండింటి మధ్య తూకం దగ్గరికే వస్తాయి. మన దగ్గరా బయటా ఇంతవరకు జరిగినదాన్ని ఆ దృష్టితో చూడటం ఈ వ్యాసం పని.

పతకం, ఉపన్యాసం, పీఠం

పతకం సంగతి ముందు తేల్చేద్దాం. ఎం.ఏ.లో ప్రథమ స్థానం వచ్చిన విద్యార్థికి స్నాతకోత్సవంలో పతకం ఇస్తారు. అప్పటికి చదువు అయిపోయింది, ఫలితాలు వచ్చేశాయి, హాస్టల్ ఖాళీ చేసేశారు. ఆ పతకం ఆ విద్యార్థికి గౌరవమే, ఉద్యోగ దరఖాస్తులో ఒక వరుస కూడా అవుతుంది. కానీ మొదటి సెమిస్టర్‌లో మెస్ బిల్లు కట్టలేక ఊరికి వెళ్లిపోయిన వాళ్లకు ఆ పతకం గురించి తెలిసే అవకాశమే లేదు.

ధర్మనిధి ఉపన్యాసం విషయం వేరు. ఏటా ఒక పండితుణ్ణి పిలిచి మాట్లాడిస్తే శాఖలో చర్చ బతుకుతుంది, ఆచార్యుల అభిమాన విషయం కొనసాగుతుంది. 1985లో మొదలైన తెలుగు విశ్వవిద్యాలయం దాతల నిధులతో ధర్మనిధి పురస్కారాలు ఇస్తూ వచ్చింది. భారతీయ ఆంగ్ల సాహిత్య రంగంలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ ఆచార్యురాలు మీనాక్షి ముఖర్జీ పేరున, మైసూరు ఆచార్యులు సి.డి. నరసింహయ్య పేరున వ్యాసరచనకు బహుమతులున్నాయి. రాసిన పనికి గుర్తింపు ఇవ్వడం వీటి ఉద్దేశం, అది మంచి ఉద్దేశం. కాకపోతే ఆ వ్యాసం రాయగలిగే స్థితికి విద్యార్థి చేరే దారి ఖర్చు వీటి పరిధిలోకి రాదు.

ఆచార్య పీఠం ఈ వరసలో అన్నిటికంటే పెద్దది. హార్వర్డ్‌లో తమిళ పీఠం కోసం ప్రపంచమంతటి తమిళులు కలిసి 60 లక్షల డాలర్లు పోగుచేశారు, తమిళనాడు ప్రభుత్వమే 10 కోట్ల రూపాయలు ఇచ్చింది. వెల్చేరు నారాయణరావు గారు బోధించిన ఎమరీ విశ్వవిద్యాలయంలో కొప్పాక కుటుంబం ఇచ్చిన నిధితో తెలుగు సంస్కృతి, సాహిత్యం, చరిత్రలకు ఆచార్య పదవి ఏర్పడింది. భాష బతకాలంటే ఇవి కావాలి. కానీ పదవీ విరమణ చేస్తున్న ఒక మాస్టారి శిష్యులు చందాలు వేసుకుని చేయగలిగిన పని కాదు ఇది. వాళ్లు చేయగలిగింది ఉపకార వేతనం.

చేయూత ఇచ్చినవాళ్లు, పెట్టిన షరతులు

వ్యవస్థగా ఉపకార వేతనాలు రాకముందు తెలుగునాట వారాలు చేసుకుని చదువుకునే పద్ధతి ఉండేది. ఊళ్లో ఏడు ఇళ్లవాళ్లు తలా ఒక రోజు అన్నం పెడితే వారాలబ్బాయి చదువు సాగేది. ఎందరో పండితుల బాల్యం అలా గడిచింది. ఆ అన్నానికి కులం గడప ఉండేదన్నది కూడా మరవకూడదు. ఎక్కువగా బ్రాహ్మణ బాలురకే దక్కిన వసతి అది. తర్వాత కాలంలో కులాల వారీగా వెలిసిన వసతి గృహాలు ఆ అవకాశాన్ని కొంత విస్తరించాయి. హైదరాబాద్‌లో 1918లో మొదలైన రెడ్డి హాస్టల్ అలాంటిది. సురవరం ప్రతాపరెడ్డి గారు ఆ హాస్టల్ నిర్వహణలో చాలాకాలం పనిచేశారు.

మానవీయ శాస్త్రాల ఆచార్యుడే దాతగా మారిన ఉదాహరణ మనకు బాగా దగ్గరిది ఒకటుంది. కాకినాడ పిఠాపురం రాజా కళాశాలకు ప్రిన్సిపాల్‌గా ఉన్న రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు ఇంగ్లీషు బోధించేవారు, 1925లో మద్రాసు విశ్వవిద్యాలయ ఉపకులపతి అయ్యారు. జీతంలో ఎక్కువ భాగం పేద విద్యార్థులకే ఖర్చు పెట్టారని ఆయన శిష్యులు తరతరాలుగా చెప్పుకున్నారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు ఆ శిష్యుల్లో ఒకరు. నాయుడు గారి సాయానికి ధర్మనిధి లేదు, ఎంపిక సంఘం లేదు. ఎవరికి ఎప్పుడు ఏం కావాలో ఆయనకు తెలుసు, అప్పుడే ఇచ్చేవారు. మాస్టారి పేరున నిధి పెట్టేవాళ్లు ఆయన పద్ధతిలోని ఈ గుణాన్ని, అంటే అవసరాన్ని కనిపెట్టి వెంటనే ఇవ్వడాన్ని, నియమావళిలోకి ఎలా తేవాలా అని ఆలోచించాలి. అది అంత తేలిక కాదు గానీ అసాధ్యమూ కాదు.

సంస్థానాలు ఇచ్చిన వేతనాలు మరో పాఠం చెబుతాయి. నిజాం ప్రభుత్వ వేతనంతో 1895లో సరోజినీ దేవి (తర్వాతి సరోజినీ నాయుడు) ఇంగ్లండ్ వెళ్లారు, అప్పటికి ఆమెకు 16 ఏళ్లు. బరోడా సంస్థానం ఇచ్చిన నెలకు పదకొండున్నర పౌన్ల వేతనంతో 1913లో అంబేడ్కర్ కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. తిరిగొచ్చాక పదేళ్లు సంస్థానంలో ఉద్యోగం చేయాలని ఒప్పందం. కొలంబియా నుంచి లండన్ చేరి చదువు మొదలుపెట్టాక వేతనం గడువు ముగియడంతో 1917లో చదువు మధ్యలో ఆపి రావలసి వచ్చింది. ఒప్పందం ప్రకారం బరోడాలో ఉద్యోగంలో చేరితే, అంటరానివాడన్న కారణంగా ఉండటానికి ఇల్లు కూడా దొరకలేదు. మళ్లీ 1920లో సొంతంగా కూడబెట్టుకున్న డబ్బు, అప్పు, కొల్హాపూర్ షాహూ మహారాజ్ సాయం కలుపుకుని లండన్ వెళ్లి చదువు పూర్తిచేశారు. ఆ వేతనం లేకపోతే కొలంబియా లేదు. అదే వేతనం గడువు, షరతులు చదువు లయతో సరిపడక ఆయన జీవితంలో మూడేళ్లు తీసుకున్నాయి. మాస్టారి పేరున నిధి పెట్టే శిష్యులు ఈ కథను ఒక్కసారి చదివి గడువుల గురించి, షరతుల గురించి రాయడం మొదలుపెడితే మంచిది.

ఎల్లకాలం ఇవ్వాలా, కొంతకాలం గట్టిగా ఇవ్వాలా

అమెరికాలో విద్యార్థి కోసం ఇచ్చిన తొలి ధర్మనిధి 1643లో హార్వర్డ్‌కు లేడీ మౌల్సన్, అంటే ఆన్ రాడ్‌క్లిఫ్, ఇచ్చిన 100 పౌన్లు. మన దేశంలో విశ్వవిద్యాలయాలు పుట్టిన తొలి దశలోనే బొంబాయి వ్యాపారి ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ 1866లో కలకత్తా విశ్వవిద్యాలయానికి 2 లక్షల రూపాయలు ఇచ్చాడు. అమెరికా అంతర్యుద్ధం ముగిసి పత్తి ధరలు కుప్పకూలిన ఆ కాలంలోనే అతని ఆస్తి చాలావరకు కరిగిపోయింది. విశ్వవిద్యాలయానికి ఇచ్చిన నిధి మాత్రం నిలిచింది. ఆ నిధి నుంచి ఇచ్చిన వేతనం అందుకున్నవారిలో చరిత్రకారుడు జదునాథ్ సర్కార్ ఉన్నారు, రమేశ్ చంద్ర మజుందార్ ఉన్నారు, భాషావేత్త సునీతి కుమార్ ఛటర్జీ ఉన్నారు. భారత చరిత్ర రచనకూ భాషాశాస్త్రానికీ పునాదులు వేసిన తరాన్ని ఒక పత్తి వ్యాపారి డబ్బు పోషించిందంటే, శాశ్వత నిధి గొప్పతనం చెప్పడానికి ఇంకో సాక్ష్యం అక్కర్లేదు.

దీనికి పూర్తిగా ఎదురుదారి నడిచినవాడు అమెరికా వ్యాపారి జూలియస్ రోజెన్‌వాల్డ్. డబ్బును ఎల్లకాలం దాచి వడ్డీ మాత్రమే ఖర్చుపెట్టడం ఆయనకు నచ్చలేదు. 1917లో స్థాపించిన తన నిధిని తాను పోయిన 25 ఏళ్లలోపు అసలుతో సహా ఖర్చుచేయాలని కట్టడి చేశాడు. ఆయన 1932లో పోయారు, నిధి 1948కే పూర్తయింది. పనిచేసినన్నాళ్లు మాత్రం గట్టిగా పనిచేసింది. లాంగ్‌స్టన్ హ్యూస్, జోరా నీల్ హర్‌స్టన్, డబ్ల్యు.ఇ.బి. డుబోయ్స్ ఆ నిధి ఫెలోషిప్‌లు పొందినవారే. ఒక తరం నల్లజాతి రచయితలకు, పండితులకు సరిగ్గా కావలసిన సమయంలో ఆ డబ్బు చేరింది.

ఈ రెండు దారుల్లో ఏది మనకు సరిపోతుందో లెక్క వేసి చూద్దాం. ఒక ఆచార్యుల పాత విద్యార్థులు యాభై మంది తలా 20,000 ఇస్తే 10 లక్షలవుతుంది. బ్యాంకు డిపాజిట్‌పై 7 శాతం వడ్డీ వస్తుందనుకుంటే ఏడాదికి 70,000. అదంతా పంచేస్తే బాగానే కనిపిస్తుంది. కానీ ధరలు ఏటా 4 శాతం పెరిగితే 18 ఏళ్లకు ఆ డెబ్భై వేల విలువ సగమవుతుంది. మన విశ్వవిద్యాలయాల్లో పాత వేతనాలు, పతకాలు ఇప్పుడు లెక్కలోకి రాని మొత్తాలుగా మిగలడానికి ఇదే మూలకారణం. దానికితోడు వడ్డీ రేట్లే పడిపోయాయి. 1990ల నడుమ డిపాజిట్లపై 12 శాతం దాకా వచ్చిన వడ్డీ 2020-21లో అయిదున్నర శాతం దగ్గరికి దిగింది. అప్పట్లో లక్ష రూపాయలు పెట్టి ఏటా 12,000 ఇద్దామనుకున్న దాత మాట నిలబెట్టడానికి ఆ ఏడాది బ్యాంకు నుంచి 5,500 మాత్రమే వచ్చింది.

నిధి విలువ నిలవాలంటే వచ్చిన 70,000లో 40,000 అసలుకే కలపాలి. విద్యార్థికి మిగిలేది 30,000, అంటే నెలకు 2,500. పద్ధతి తప్పకుండా నడిపితే 18 ఏళ్ల నాటికి అసలు 20 లక్షలు దాటుతుంది, వేతనం 60,000 అవుతుంది, కొనుగోలు శక్తి మాత్రం ఈనాటి 30,000దే. ఇది శాశ్వత నిధి అసలు స్వరూపం. అదే 10 లక్షలను అసలుతో సహా 15 ఏళ్లలో ఖర్చు చేయాలని నిర్ణయిస్తే ఏటా లక్షా తొమ్మిది వేలకు పైగా ఇవ్వవచ్చు. ఆ పదిహేనేళ్లలో ఏటా ఒక విద్యార్థికి ఏడాదంతా నెలకు తొమ్మిది వేలు అందుతుంది.

చిన్న నిధుల విషయంలో నేను రోజెన్‌వాల్డ్ వైపే ఉంటాను. నెలకు రెండున్నర వేలతో పేరు శాశ్వతంగా నిలుస్తుంది గానీ విద్యార్థి చదువు నిలవదు. పాతిక ముప్ఫై లక్షలు దాటితే శాశ్వత నిధి ఆలోచించవచ్చు. ప్రేమ్‌చంద్ ఇచ్చిన 2 లక్షలు ఆనాటి రూపాయల్లో ఎంత పెద్ద మొత్తమో గుర్తుంచుకుంటే ఆయన ఉదాహరణ మన పది లక్షలకు అన్వయించదని తెలుస్తుంది. పదిహేనేళ్ల తర్వాత ఆ మాస్టారి శిష్యుల శిష్యులు మరో నిధి పెట్టుకుంటారు. పెట్టుకోకపోతే, పేరును మాత్రం బ్యాంకు ఖాతాలో బతికించి ఏం ప్రయోజనం?

పెట్టుబడి విషయంలో ఒక మాట. ఆదాయ పన్ను చట్టం ధర్మసంస్థలు డబ్బు ఎక్కడెక్కడ పెట్టవచ్చో నిర్దేశించింది. కంపెనీ షేర్లు నేరుగా కొనడం అందులో లేదు, మ్యూచువల్ ఫండ్లకు వీలుంది. అయినా విశ్వవిద్యాలయ ఆర్థిక విభాగాలు ఫిక్స్‌డ్ డిపాజిట్ దాటి వెళ్లడం అరుదు. అందుకని నిధి ఒప్పందంలోనే ఏటా వడ్డీలో ఎంత భాగం అసలుకు కలపాలో రాయించడం శిష్యుల బాధ్యత. దీన్ని తర్వాత ఎవరూ పట్టించుకోరు.

ఏ ఖర్చుకు

సైన్సు విద్యార్థికి ప్రయోగశాల ఎలాగో మానవీయ శాస్త్రాల విద్యార్థికి ప్రయాణం అలాంటిది. ఇది ప్రభుత్వ వేతనాల లెక్కల్లో సరిగా కనిపించదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో మొదలై లక్షలాది పిల్లల్ని కాలేజీ మెట్లెక్కించింది, అది ప్రధానంగా కాలేజీకి చెల్లేది. నెట్ పరీక్షలో జె.ఆర్.ఎఫ్. వచ్చిన పరిశోధకుడికి 2023 నుంచి నెలకు 37,000 వస్తోంది. అది రానివాళ్లకు కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీకి నెలకు 8,000, ఈ మొత్తం చాలా ఏళ్లుగా మారలేదు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఎందరికో అది కూడా లేదు. వీళ్ల మధ్య తేడా ఒక్క పరీక్షలో కొన్ని మార్కులు.

ఇప్పుడు తెలంగాణ సాయుధ పోరాటం మీద పనిచేస్తున్న పరిశోధకురాలిని ఊహించండి. తార్నాకలోని రాష్ట్ర పురాతన పత్రాల భాండాగారానికి రోజూ వెళ్లాలి, ఫోటోకాపీలకు కట్టాలి, ఉర్దూ పత్రాలు చదివిపెట్టేవారికి ఎంతో కొంత ఇవ్వాలి. సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో పాత పత్రికలు చూడాలి. నల్గొండ, ఖమ్మం జిల్లాల్లో మిగిలిన ముసలివాళ్ల దగ్గర కూర్చుని వాళ్ల మాటలు రికార్డు చేయాలి, ఆ ముసలివాళ్లు ఏటా తగ్గిపోతున్నారు. మరొకరు దక్షిణాంధ్ర యుగం యక్షగానాల మీద పనిచేస్తుంటే తంజావూరు సరస్వతీ మహల్‌కు వెళ్లి వారాల తరబడి ఉండాలి, మద్రాసులో ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలో తాళపత్రాలు చూడాలి. ఇంకొకరికి వేటపాలెం సారస్వత నికేతనంలోనో రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయంలోనో దొరికే పత్రిక సంచిక ఇంకెక్కడా దొరకకపోవచ్చు. ఈ ప్రయాణాలు చేయలేని విద్యార్థి ఏం చేస్తాడు? హైదరాబాద్‌లోనో విశాఖలోనో అందుబాటులో ఉన్న నాలుగు పుస్తకాల్లోంచి సిద్ధాంత గ్రంథం తయారుచేస్తాడు. మన పరిశోధనల నాణ్యత మీద పెద్దవాళ్లు చేసే విమర్శల్లో సగానికి జవాబు ఈ రైలు చార్జీల్లో ఉంది.

మాస్టారి పేరున వేతనం పెట్టేవాళ్లు ఈ ఖాళీని పూరిస్తే ఆ మాస్టారు జీవితమంతా చేసిన పనినే కొనసాగించినట్లు. ఆయన శాసనాలు చదివినవారైతే శాసనాలున్న ఊళ్లకు వెళ్లే విద్యార్థికి, ఆమె జానపద గేయాలు సేకరించినవారైతే సేకరణకు బయల్దేరే విద్యార్థికి. ఏడాదికి లక్ష రూపాయలతో ఇద్దరు పరిశోధకులకు చెరి మూడు నెలల క్షేత్రపర్యటన సాధ్యమవుతుంది. ఎం.ఏ. స్థాయిలో అయితే మొదటి సెమిస్టర్ మొదట్లోనే మెస్ డిపాజిట్‌కు, పుస్తకాలకు ఒక్కసారిగా ఇచ్చే 15,000, రెండో ఏడాది చివర ఇచ్చే 50,000 కంటే ఎక్కువ పనిచేస్తుంది. ఆ విద్యార్థి కోర్సులో నిలబడటం మొదటి మూడు నెలల్లోనే తేలిపోతుంది.

అమెరికా పద్ధతి, అక్కడి చిక్కులు

అమెరికాలో మాస్టారి పేరున వేతనం పెట్టే పని బాగా స్థిరపడింది. ఆచార్యులకు నిర్బంధ పదవీ విరమణ 1994 నుంచి లేదు. ఎప్పుడు వెళ్లాలో వాళ్లే నిర్ణయించుకుని ఏడాదో రెండేళ్లో ముందే చెబుతారు. ఆ వ్యవధిలో శాఖ, విశ్వవిద్యాలయ ఫౌండేషన్ కలిసి పాత విద్యార్థులకు ఉత్తరాలు రాస్తాయి. పేరుతో శాశ్వత వేతనం పెట్టడానికి చాలాచోట్ల కనీసం 25,000 లేదా 50,000 డాలర్లు కావాలి. మూడేళ్ల సగటు విలువపై ఏటా 4 నుంచి 5 శాతం ఖర్చుచేసే పద్ధతి ఎక్కువ విశ్వవిద్యాలయాల్లో ఉంది. 50,000 నిధి మీద 4 శాతం అంటే 2,000 డాలర్లు. ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఆ రాష్ట్రపు విద్యార్థి కట్టే సగటు ట్యూషనే ఏడాదికి 11,000 డాలర్లు దాటింది. అక్కడా చిన్న నిధుల కథ ఇదే.

చాలా కంపెనీలు ఉద్యోగి ఇచ్చినంతా తామూ కలుపుతాయి. ఈ వసతిని అక్కడి తెలుగువాళ్లు గుళ్లకు, సంఘాలకు బాగా వాడుకుంటున్నారు, తమకు పాఠం చెప్పిన మాస్టార్ల కోసం వాడుకునేవాళ్లు తక్కువ.

అక్కడి చిక్కు ఒకటి మనవాళ్లకు అంతగా తెలియదు. బయటి నుంచి వేతనం వచ్చిన విద్యార్థికి కొన్ని విశ్వవిద్యాలయాలు తాము ఇస్తున్న సాయాన్ని ఆ మేరకు కోసేస్తాయి. దాత ఇచ్చిన 2,000 విద్యార్థికి చేరకుండా సంస్థ ఖజానాకు చేరినట్టవుతుంది. మేరీలాండ్ రాష్ట్రం 2017లో ప్రభుత్వ కాలేజీల్లో దీన్ని చట్టంతో కట్టడి చేసింది. నిధి ఇచ్చేముందు, ఇలా కోస్తారా అన్న ఒక్క ప్రశ్నకు లిఖితపూర్వకంగా జవాబు తీసుకోవడం అవసరం.

మానవీయ శాస్త్రాలకు ఇంకో ప్రమాదం ఉంది: శాఖే లేకుండా పోవడం. 2012 తర్వాత అమెరికాలో ఈ కోర్సుల్లో డిగ్రీలు తీసుకునేవాళ్లు తగ్గుతూ వచ్చారు. వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం 2023లో విదేశీ భాషల ప్రధాన కోర్సులను ఎత్తివేసింది. జర్మన్ చదివే విద్యార్థికే ఇవ్వాలని రాసిపెట్టిన నిధి అలాంటిచోట ఏమవుతుంది? చాలా రాష్ట్రాలు ఆమోదించిన 2006 నాటి ఆదర్శ చట్టం ప్రకారం 25,000 డాలర్ల లోపు ఉండి 20 ఏళ్లు దాటిన నిధుల షరతులను, రాష్ట్ర అటార్నీ జనరల్‌కు తెలియజేసి, సంస్థ తానే మార్చుకోవచ్చు. పెద్ద నిధులకు కోర్టుకు వెళ్లాలి. మన దగ్గర కూడా ఎం.ఏ. తత్వశాస్త్రానికి దరఖాస్తులే రాని ఏడాది వస్తే ఏం చేయాలో నిధి పత్రంలో ఉండాలి. దగ్గరి శాఖకు ఇవ్వండి, లేదా పోగుచేసి మరుసటి ఏడాది ఇద్దరికి ఇవ్వండి అన్న రెండు వాక్యాలు చాలు.

షరతులు ఎంత సంకుచితమైతే అంత త్వరగా పాతబడతాయి. 1902లో మరణించిన సెసిల్ రోడ్స్ వీలునామా ప్రకారం ఆక్స్‌ఫర్డ్ వేతనాలు మగవాళ్లకే. ఆడవాళ్లకు 1977లో గానీ తలుపు తెరుచుకోలేదు, అందుకు బ్రిటన్‌లో చట్టం కావలసి వచ్చింది. ఫలానా కులం, ఫలానా జిల్లా, ఫలానా వంశం అని రాయించే దాతలు మన దగ్గర ఇప్పటికీ ఉన్నారు. తరగతిలో అందరికీ పాఠం చెప్పిన మాస్టారి పేరున అలాంటి షరతు పెట్టడం ఆయన పనికే విరుద్ధం. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవాళ్లు, ఇంట్లో మొదటిసారి విశ్వవిద్యాలయం చేరినవాళ్లు అని రాస్తే, అవసరం ఉన్నచోటికే డబ్బు వెళ్తుంది. మార్కులను అర్హతగా కనీస స్థాయిలో పెట్టి, అంతకుమించి పోటీ పెట్టకపోవడమే నాకు నచ్చిన పద్ధతి. ప్రథమ స్థానానికి ఇప్పటికే పతకాలున్నాయి.

డబ్బు ఎవరి నుంచి, ఎలా

2023లో నందన్ నీలేకని ఐఐటీ బొంబాయికి 315 కోట్లు ఇచ్చారు. మన తెలుగు శాఖ పాత విద్యార్థుల్లో అంత ఇవ్వగలిగేవాళ్లు ఉండరు. ఉన్నది జూనియర్ కాలేజీ అధ్యాపకులు, జర్నలిస్టులు, గ్రూప్స్ రాసి ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్లు, అనువాదకులు. ఇది లోటుగా నేను చూడను. మిసిసిపిలో బట్టలుతికి జీవితమంతా కూడబెట్టిన ఒసియోలా మెకార్టీ 1995లో, 87 ఏళ్ల వయసులో, సదరన్ మిసిసిపి విశ్వవిద్యాలయానికి వేతనాల కోసం 1,50,000 డాలర్లు ఇచ్చారు. ఆరో తరగతిలోనే చదువు మానేసిన ఆమె ఇచ్చిందని తెలిసి వందలమంది తమ వంతు కలిపారు. చిన్న చేతులు ఎక్కువగా కలిసిన నిధిని చూసుకునే కళ్లు కూడా ఎక్కువుంటాయి.

ఒక విషయంలో మాత్రం కఠినంగా ఉండాలి. ప్రస్తుతం ఆ ఆచార్యుల దగ్గర పరిశోధన చేస్తున్నవాళ్ల నుంచి, శాఖలో చదువుతున్న విద్యార్థుల నుంచి, అతిథి అధ్యాపకుల నుంచి చందా తీసుకోకూడదు. వైవా ముందున్న విద్యార్థి ఇష్టపడి ఇచ్చాడని ఎవరూ నిరూపించలేరు. వేతనానికి ఎంపిక చేసే సంఘంలో గౌరవం పొందుతున్న ఆచార్యులు కూడా ఉండకపోవడమే మంచిది. ఆయన సలహా ఇవ్వవచ్చు, పేర్లు తేల్చడం మరొకరు చేయాలి.

అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న పాత విద్యార్థులు పంపాలంటే పౌరసత్వం చూసుకోవాలి. భారత పౌరులుగానే ఉన్న ప్రవాసులు సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డు ఉన్నా, పంపేది విదేశీ విరాళమే. దాన్ని సాధారణంగా 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద నమోదైన సంస్థే తీసుకోగలదు, అదీ 2020 సవరణ తర్వాత ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖ ఖాతాలోకే. స్వదేశంలో విరాళాలపై పన్ను మినహాయింపు గురించి అడిగేవాళ్లకు, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకు అది వర్తించదని ముందే చెప్పడం న్యాయం.

విద్యార్థికి డబ్బు ఎలా అందుతుందన్నది కూడా గౌరవంలో భాగమే. పెద్ద అట్ట చెక్కు పట్టుకుని వేదిక మీద నిలబెట్టి, దాతల కుటుంబంతో ఫోటో తీయించి, పేదరికాన్ని మైకులో చదివించే అలవాటు మానాలి. ఖాతాలో జమచేసి, ఆ ఏడాది ఏం చదివారో, ఎక్కడికి వెళ్లారో ఒక పేజీ రాసి ఆ మాస్టారికి పంపమంటే చాలు. ఆ పేజీ చదవడం ఏ సన్మానం కంటే ఆయనకు ఎక్కువ సంతోషం ఇస్తుంది.

ఈ పనంతా విరమణ సభ తర్వాత మొదలుపెడితే నిధి పత్రం మీద సంతకాలయ్యేసరికే రెండేళ్లు గడుస్తాయి, సగం చందాలు మాటల్లోనే ఉండిపోతాయి. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో విరమణ 65 ఏళ్లకని అందరికీ తెలుసు. కాబట్టి మాస్టారు 63లో ఉండగానే అడగాలి: మీ పేరున ఇలా చేద్దామనుకుంటున్నాం, ఎలాంటి విద్యార్థికి చేరాలని మీకుంది? ఆయన చెప్పింది పత్రంలో రాసి, మొదటి ఏడాది వేతనం చందాల నుంచే నేరుగా ఇచ్చేసి, ఆ మొదటి విద్యార్థి ఆయన తరగతిలో కూర్చుని ఉండగానే అది అందేలా చూడాలి.